వీపు మీద వియ్యంకుడు

బాతెల్,
మార్చి 3.

మా ఇంటి సరస్వతి శ్రీవల్లికి,

అమ్మడూ! నీ కవరు చేరింది! పోస్టు డబ్బాలోంచి తీసి ఇంటిదాకా ఆగలేక రోడ్డు మీదే చించేశాను. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా లెక్కచేయలేదు. ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని ఇక్కడ అందరూ నవ్వుతారు. నవ్వనీ. నువ్వు హాస్టల్లో ఉన్నప్పటి అలవాటు మనది. ఫోన్లో నీ గొంతు వినగానే నాకు నోట మాట రాదు. కాగితం మీదైతే నన్ను ఆపేవాడు లేడు.

మే నెలలో మీ యూనివర్సిటీ మ్యూజియంలో ఒక గది గదంతా నీదేనట! ఏ బొమ్మ ఎక్కడ పెట్టాలో నువ్వే చెబుతావట, కింద రాసే మాటలు కూడా నీవేనట! టెన్త్ తప్పి, మళ్లీ కట్టి పాసై, గుడివాడ డిపోలో కండక్టరుగా టిక్కెట్లు కొట్టినవాడి కూతురు, ఎప్పుడో ఫ్రాన్సు దేశపు వీధుల్లో అమ్మిన బొమ్మల మీద అమెరికాలో డాక్టరేట్ చేస్తోంది! ఈ మాట మా డిపో గ్రూపులో పెట్టాను. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పంపారు. మీ అమ్మ ఉండుంటే వీధి వీధంతా చక్కెర పంచేది.

నువ్వు పంపిన బొమ్మ ఎంత ముచ్చటగా ఉందో! చిరుగుల చొక్కా ముసలి రైతు పార మీద ఆనుకుని వంగి నిలబడ్డాడు. వీపు మీద ఇద్దరు. ముందు, ఈకల టోపీ పెట్టుకుని నడుముకు కత్తి కట్టుకున్న దొరగారు. వెనక, నల్లటి పొడుగు గౌనులో, మెడలో లాకెట్టు వేసుకున్న దొరసాని. కింద కుందేళ్లూ పావురాలూ కడుపునిండా మేస్తున్నాయి. ఆ దేశంలో కూడా పెద్దల్ని అలా వీపున మోసి గౌరవించేవాళ్లన్నమాట! కింద ఫ్రెంచిలో ఏదో రాసి ఉంది. వివరం తరవాత రాస్తానన్నావు. తొందర లేదులే, చూస్తేనే తెలుస్తోంది కదా. తెచ్చి ఫ్రిజ్ తలుపుకి అంటించాను.

ఇక్కడ మీ అక్క ఇంట్లో స్వర్గమే అనుకో. మీ అక్క అత్తమామలు కూడా ఉండేసరికి ఇల్లు కళకళలాడుతోంది. సూర్యప్రకాశరావు బావగారు ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరైన మనిషి, ఆ హోదా మాటలోనే తెలిసిపోతుంది. కింద గది వాళ్లది. కారులో ముందు సీటు ఆయనది. టీవీ రిమోటు ఆయనది. ఆడపిల్లని ఇచ్చుకున్నవాణ్ణి, వెనక సీటు నాకేం తక్కువ? కిటికీ పక్కనే. ఇక మీ అక్క మీనాక్షి! ఐదింటికి లేస్తుంది. బావగారికి పంచదార లేని కాఫీ, రాధారాణి చెల్లెమ్మగారికి ఉల్లిపాయ లేని పెసరట్టు, నాకు అల్లం పచ్చడి, మనవరాలు తన్వికి స్కూలు డబ్బా, అల్లుడు అనుదీప్‌కి ఓట్సు. అన్నీ ముగించి ల్యాబుకి పరిగెత్తి, సాయంత్రం వచ్చి మళ్లీ పొయ్యి దగ్గరే. అలుపన్నదే లేదమ్మా దానికి! ఎవరి చెయ్యి అనుకున్నావు, మీ అమ్మది.

ఈ పదహారో తారీకుకి బావగారికి డెబ్భై నిండుతాయి. నేనొక సర్‌ప్రైజ్ తలపెట్టాను. చెప్పను. నీ బొమ్మకి అందులో పెద్ద పీట ఉందని మాత్రం చెబుతాను.

నేలమీద నిలవలేని మీ నాన్న,
దత్తాత్రేయ


పిస్కాటవే,
మార్చి 12.

నాన్నా,

ముందు ఒక మాట. ఆ నల్ల గౌను మనిషి ఆడమనిషి కాదు. చర్చి ఫాదర్. మెడలో ఉన్నది లాకెట్టు కాదు, సిలువ.

రెండోది. ఆ బొమ్మలో ఎవరూ ఎవర్నీ గౌరవించడం లేదు! అది ఎగతాళి బొమ్మ. ఆ కాలంలో అక్కడ జనం మూడు వర్గాలు. చర్చివాళ్లు, దొరలు, మిగతా అందరూ. మొదటి ఇద్దరికీ చాలా పన్నులు ఉండేవి కావు. మొత్తం బరువు మూడోవాడి మీద. ఆ కుందేళ్లూ పావురాలూ మేస్తున్నవి రైతు పంట. అవి దొర వేటాడుకునే జంతువులు కాబట్టి, పంట తినేస్తున్నా రైతు వాటి మీద రాయి కూడా వేయకూడదు. అదీ నీకు కనబడిన పండగ.

ఇవి పారిస్ వీధుల్లో చవగ్గా అమ్మేవాళ్లు. రంగులు చేత్తో గబగబా పూసేవాళ్లు, చూడు, దొర బూటు రంగు గడ్డి మీదకి కారిపోయింది. చదువు రానివాడు కూడా షాపు ముందు నిలబడి చూసి నవ్వుకునేవాడు. పైన కూర్చున్నవాడిని వాడి ఎదురుగా ఏమీ అనలేని మనిషి, బొమ్మని చూసి నవ్వడం. నా థీసిస్ అంతా ఆ నవ్వు మీదే. నాలుగేళ్లుగా నీకు చెబుతున్నాను. నువ్వు నాలుగేళ్లుగా "మా తల్లే, మా తల్లే" అంటున్నావు.

ఇదంతా చెబుదామనే మొన్న ఫోన్ చేశాను. నువ్వేం చేశావు? స్పీకర్లో పెట్టి, "ఇదిగో మా డాక్టరమ్మ" అని డైనింగ్ టేబుల్ మధ్యలో కూర్చోబెట్టావు. మావయ్యగారు "ఇంకా ఎన్నేళ్లమ్మా ఈ చదువు" అన్నారు. అత్తయ్యగారు "బొమ్మలకి కూడా పీహెచ్‌డీ ఇస్తారా" అన్నారు. వాళ్ల ముందు నేనేం చెప్పను? "పెట్టేస్తానమ్మా, ఫోన్ ప్లాను అయిపోతుంది" అన్నావు. ఈ దేశంలో ఎవరి ప్లానూ అయిపోదు నాన్నా.

సర్‌ప్రైజ్ వద్దు. అదేదైనా సరే, నా బొమ్మ అందులో ఉంటే అసలే వద్దు. ఫ్రిజ్ మీంచి తీసేయి.

ఇంకొకటి. అక్క దినచర్య అంతా నువ్వే వరసగా రాసి, చివర "అలుపన్నదే లేదు" అని నువ్వే రాశావు. ఏం చూసి రాశావు నాన్నా?

శ్రీవల్లి


బాతెల్,
మార్చి 17.

బంగారుతల్లి శ్రీవల్లికి,

నీ ఉత్తరం ఇంకా అందలేదు. ఆగలేక నేనే రాస్తున్నాను. నిన్న ఫంక్షన్ ఎంత బాగా జరిగిందంటే! అంటే, బాగానే జరిగింది. కొంచెం తేడా వచ్చింది. చెబుతాను.

సర్‌ప్రైజ్ ఏమిటంటే ఫ్లెక్సీ! మన దగ్గర పుట్టినరోజంటే సెంటర్లో ఫ్లెక్సీ లేకుండా ఉంటుందా? ఈ ఊళ్లో ఎవరికీ తట్టలేదు. నీ బొమ్మని ఫోన్లో ఫొటో తీసి, మన డిపో ఎదురు ఫ్లెక్సీ షాపుకి వాట్సాప్‌లో పంపాను. దొరగారి ముఖం తీసి బావగారి ముఖం, దొరసాని ముఖం తీసి రాధారాణి చెల్లెమ్మగారి ముఖం, కింద రైతుకి నా ముఖం పెట్టమన్నాను. ఎవరి స్థానం వాళ్లకి ఇవ్వాలి కదా. వాళ్లు ఎప్పుడూ రాజకీయ నాయకులకే కొట్టి కొట్టి, అడక్కుండానే బావగారి తల వెనక సూర్యుడి కిరణాలూ, అటూ ఇటూ రెండు సింహాలూ పెట్టారు. పైన పెద్ద అక్షరాలతో "మా వియ్యంకుడిని మోసే భాగ్యం మాదే". వాళ్లు పంపిన డిజైనుని ఇక్కడ అచ్చు వేసిన షాపు తెల్లాయన చూసి "ఆసమ్" అన్నాడు కూడా!

కమ్యూనిటీ హాల్లో కట్టాను. అరవైమంది దాకా వచ్చారు. పరదా లాగగానే అందరూ మెడలు చాచి చూశారు. తరవాత ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, హాలు హాలంతా నవ్వు! నా ఆనందం చూడాలి నువ్వు. నేను కూడా గట్టిగా నవ్వి దండం పెట్టాను.

అప్పుడు మన తన్వి మైకు దగ్గరే నిలబడి, "తాతా, ఈ పిక్చర్ మా సోషల్ క్లాస్‌లో చూపించారు. పైన ఉన్నవాళ్లు బ్యాడ్ గైస్. లేటర్ వాళ్ల హెడ్స్ కట్ చేసేస్తారు" అంది. పుట్టినరోజు నాడమ్మా! కేకు మీద కొవ్వొత్తులు వెలుగుతూ ఉండగా!

బావగారు కత్తి కింద పెట్టేశారు. "కండక్టరుకి ఫ్రెంచి బొమ్మలెందుకయ్యా?" అన్నారు. చెల్లెమ్మగారు దగ్గరికెళ్లి తేరిపార చూసి, "అన్నయ్యగారూ, నా మెడలో సిలువేమిటి?" అన్నారు. నేను లాకెట్టనుకున్నానని చెప్పాను. "కాశీలో స్నానం చేసొచ్చిన మెడ" అన్నారు ఆవిడ. ఇంటికి వచ్చి ఇద్దరూ గది తలుపు వేసుకున్నారు. అనుదీప్ కారు తాళాలు గట్టిగా గిన్నెలో పడేశాడు. తరవాత వచ్చి, "మావయ్యా, మీరు నాన్నకి సారీ చెప్పాలి" అన్నాడు.

ఒక్కటే వింత. హాల్లో అందరూ నవ్వుతుంటే మీ అక్క కనబడలేదు. చూస్తే వెనక గిన్నెలు పెట్టే గదిలో గోడకి ఆనుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని నా ప్రాణం పోయింది. తీరా చూస్తే నవ్వుతోంది. కడుపు పట్టుకుని, శబ్దం రాకుండా, పైట నోట్లో కుక్కుకుని. నన్ను చూసి ఇంకా నవ్వింది. ఆ నవ్వు నవ్వుతూ నవ్వుతూనే ఏడుపైపోయింది. ఆనందం ఎక్కువై ఉంటుందిలే.

ఇప్పుడు చెల్లెమ్మగారిని ప్రసన్నం చేసుకోవాలి. నీ దగ్గర అందరూ ఆడవాళ్లే ఉన్న బొమ్మ ఏదైనా ఉంటే వెంటనే పంపు. ఈసారి సిలువ లేకుండా చూసి, ఆవిడకి ప్రత్యేకంగా ఇంకో ఫ్లెక్సీ వేయిస్తాను.

కొంచెం తికమకలో, ఎక్కువ సంతోషంలో,
మీ నాన్న


పిస్కాటవే,
మార్చి 25.

నాన్నా!

ఇంకో ఫ్లెక్సీయా? ఇంకో ఫ్లెక్సీయా నాన్నా?

నీ ఉత్తరం నా డెస్కు దగ్గర చదివి తల పట్టుకున్నాను. పక్కన కూర్చునే నిధి ఏమైందంది. అనువదించి చెప్పాను. అరగంట సేపు మనిషి తేరుకోలేదు. "మీ నాన్న ఆ బొమ్మని అసలు ఎందుకు పుట్టించారో అందుకే వాడారు, మనమే ఇక్కడ అద్దాలు బిగించి గోడకి పెడుతున్నాం" అంటోంది. నాకు నవ్వు రావట్లేదు. అక్క ఆ ఇంట్లో బతకాలి. నువ్వు సింహాలు పెట్టించి వెళ్లిపోతావు.

మావయ్యగారికి సారీ చెప్పు. వివరణ ఇవ్వకు. నువ్వు వివరణ ఇచ్చిన ప్రతిసారీ పరిస్థితి ఇంకా పాడవుతుంది.

ఆడవాళ్ల బొమ్మ అడిగావు. ఉంది. నువ్వు చూసినదానికి అది జత. ఈ బొమ్మలు చాలాసార్లు జతలుగా అమ్మేవాళ్లు, మగవాళ్లది ఒకటి, ఆడవాళ్లది ఒకటి. అది కూడా పంపుతున్నాను, కానీ ఈసారి వివరణ ముందు చదివి తరవాత బొమ్మ చూడు. కింద ఉన్నది రైతు భార్య. ఒక చంకన బిడ్డ, పాలు తాగుతోంది. ఇంకో చేతిలో నూలు వడికే కదురు. అదీ ఆగలేదు. వీపు మీద దొరసాని, వెనక సన్యాసిని. దొరసాని విసనకర్రతో విసురుకుంటోంది. మగవాళ్ల బొమ్మలో రైతుకి కనీసం ఆనుకోవడానికి పార ఉంది. ఈమెకి అదీ లేదు, రెండు చేతులూ పనిలోనే ఉన్నాయి. మా ఎగ్జిబిషన్లో మగవాళ్ల బొమ్మ దగ్గరే అందరూ ఆగుతారు, ఈమె దగ్గర ఎవరూ ఆగరని మా ప్రొఫెసర్ అంటారు. అందుకే దీన్ని తలుపుకి ఎదురుగా పెట్టమని పోట్లాడుతున్నాను.

దీన్ని ఫ్లెక్సీ కొట్టించావంటే మే నెలలో నిన్ను మ్యూజియంలోకి రానివ్వను. గేటు దగ్గర నీ ఫొటో పెట్టించి మరీ ఆపిస్తాను.

అక్క నవ్వి ఏడ్చిందన్నావు. ఆనందం ఎక్కువై కాదు. ఎందుకో నాకు తెలుసు. చెప్పనని అక్కకి ఒట్టేశాను, అడగొద్దు.

శ్రీవల్లి


బాతెల్,
ఏప్రిల్ 3.

శ్రీవల్లికి,

ఉత్తరం, బొమ్మ అందాయి. నువ్వు చెప్పినట్టే ముందు చదివి తరవాత చూశాను.

బావగారికి సారీ చెప్పాను. తల ఊపారు. భోజనానికి వస్తున్నారు గానీ, నా వైపు ఉన్న పప్పు గిన్నె కావాలంటే నన్ను అడగరు, లేచి వచ్చి తీసుకుంటారు. కండక్టరు అన్న మాట ఆయన మరిచిపోయినట్టున్నారు. నేనూ మరిచిపోయాను.

కొత్త బొమ్మని పాతదాని పక్కనే ఫ్రిజ్‌కి అంటించాను. ఇవాళ పొద్దున ఏం జరిగిందో అది రాస్తాను. మీ అక్క చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ల్యాబువాళ్లతో ఇంగ్లీషులో ఏదో గట్టిగా మాట్లాడుతోంది. ఎడం చేత్తో అట్టు తిరగేసింది. తన్వి ఏదో కాగితం తెచ్చింది, స్కూల్లో ఇవ్వాలట. మీ అక్క దాన్ని ఫ్రిజ్ తలుపుకి ఆనించి సంతకం పెట్టింది. వంగి పెట్టింది. బొమ్మలో ఆవిడ ముఖం, మీ అక్క ముఖం పక్కపక్కన వచ్చాయి.

హాల్లోంచి బావగారు "మీనాక్షీ, కాఫీ చల్లారిపోయిందమ్మా" అన్నారు. చెల్లెమ్మగారు వేణ్ణీళ్లు అడిగారు. అదే నిమిషంలో ఇంకో గొంతు "అమ్మా మీనాక్షీ, నా కళ్లజోడు చూశావా" అంది. ఎవరిదా అని చూస్తే నాదే. కళ్లజోడు నా జేబులోనే ఉంది.

నేను ఆ ఫ్లెక్సీలో నా ముఖం తీసుకెళ్లి కింద పెట్టించాను. అందరిలోకీ వినయంగా ఉంటుందని. నేనెప్పుడు కింద ఉన్నాను శ్రీవల్లీ? మూడు పూటలా పైన కూర్చునే తింటున్నాను, బావగారి పక్కనే.

నాకు విసుగ్గా ఉంది. నా మీదా, మీ ఇద్దరి మీదా కూడా. అక్కాచెల్లెళ్లు కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారు. తండ్రికి సంతోషం వార్తలే చెప్పాలని ఎవరు రూలు పెట్టారు? నేను ఎప్పుడూ నవ్వుతూ ఉంటాను కాబట్టి ఇంకేదీ తట్టుకోలేననుకున్నారా? నువ్వు రాస్తావా, దాన్నే నిలబెట్టి అడగనా?

దత్తాత్రేయ


పిస్కాటవే,
ఏప్రిల్ 10.

నాన్నా,

నీ ఉత్తరంలో ఒక్క ఆశ్చర్యార్థకం కూడా లేదు. భయమేసింది. ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను.

అక్కకి వాళ్ల ల్యాబులో పెద్ద పోస్టు ఇస్తామన్నారు. పసిపిల్లలకి వచ్చే ఒక రక్తం జబ్బుకి మందు వెతికే టీమ్, ఆరేళ్లుగా అక్క పనిచేస్తున్నదే. దానికి తనని హెడ్‌గా ఉండమన్నారు. ఏప్రిల్ ముప్పైలోగా జవాబివ్వాలి. అక్క వద్దనే అనుకుంటోంది. వద్దనడమే కాదు, మొత్తం ఉద్యోగమే మానేద్దామని చూస్తోంది. "ఇంట్లో ఒక పనీ సరిగ్గా చేయలేకపోతున్నానే, అక్కడా చేయలేకపోతున్నాను, ఒకటైనా వదిలేస్తాను" అంది. వదిలేది ఏదో చూశావా? బావని అడిగావా అంటే, "ఆయన వద్దనలేదు, నీ ఇష్టం అన్నారు" అంది. నీ ఇష్టం అనడానికి ఎవరికైనా ఏం పోతుంది? నాకు ఒళ్లు మండింది.

నీకెందుకు చెప్పొద్దందంటే, చెబితే నువ్వు ఆ రాత్రికే తిరుగు టికెట్ బుక్ చేసుకుంటావట. "నా వల్ల పిల్లకి కష్టం" అని సూట్‌కేసు సర్దేస్తావట. అది తనకి వద్దు. నువ్వు ఇంట్లో ఉంటే, పొద్దున్నే వరండాలో నీ ఈల పాట వినబడుతుంటే, తనకి ఊపిరి ఆడుతోందట. కాబట్టి వెళ్లిపోకు. త్యాగం చేయకు. ఉపన్యాసం ఇవ్వకు. నేను చెప్పానని చెప్పకు. ఫ్లెక్సీ వద్దని మళ్లీ రాయనక్కర్లేదనుకుంటాను.

అయితే ఏం చేయాలి అంటావు. నాకు తెలియదు నాన్నా. నాకు బొమ్మల గురించే తెలుసు. ఆ బొమ్మల్లో పైనున్నవాడు తనంతట తను దిగినట్టు నేను ఒక్కటి కూడా చూడలేదు.

నీ
శ్రీవల్లి


బాతెల్,
ఏప్రిల్ 20.

అమ్మడూ!

ముందే చెబుతున్నాను, ఇంటికి ఏమీ కాలేదు. ఫైర్ ఇంజన్ వచ్చిన మాట నిజం.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఆలోచించాను. ఒక్కణ్ణే దిగితే లాభం లేదు, నా వంతు బరువు తగ్గుతుంది, మిగతాది అలాగే ఉంటుంది. అందుకని బావగారి గది తలుపు కొట్టాను. ఆడవాళ్ల బొమ్మ పట్టుకెళ్లాను. ఆయన దాన్ని చూసి, "మళ్లీ తెచ్చావా?" అన్నారు.

"బావగారూ, ఇందులో మన ముఖాలు ఎక్కడ పెట్టమంటారు?" అన్నాను.

"ఇందులో అందరూ ఆడవాళ్లేనయ్యా."

"అయినా సరే. ఎక్కడ పెట్టాలి?"

కళ్లజోడు పెట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు. కింద ఉన్నావిడ చంకలో బిడ్డని చూశారు. నేను ఉద్యోగం సంగతి చెప్పేశాను. నువ్వు చెప్పావని చెప్పలేదు, ల్యాబువాళ్లతో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నానన్నాను. నాకు ఇంగ్లీషు అంత రాదని ఆయనకి తెలుసు, అయినా ఏమీ అనలేదు.

"మా అబ్బాయి ఇంట్లో నేను కాఫీ పెట్టుకోవాలంటావు" అన్నారు.

"మీరు కాదు, మనం."

"నలభై కిలోమీటర్ల కాలవ తవ్వించినవాణ్ణి."

"అందుకే బావగారూ, నీళ్లు మరగబెట్టడం మీకు కష్టమా?"

"ఫ్లెక్సీ మాత్రం వద్దు" అన్నారు. అంతే, పొమ్మన్నట్టు చెయ్యి ఊపారు. ఒప్పుకున్నారో లేదో నాకు అర్థం కాలేదు.

పొద్దున నేను నాలుగున్నరకే వంటింట్లోకి వెళితే అప్పటికే లైటు వెలుగుతోంది! బావగారు! మఫ్లరు చుట్టుకుని, రవ్వ పాకెట్టు వెనక రాసినది పైకి చదువుకుంటున్నారు. "ఒకటికి మూడు నీళ్లు అంటున్నాడు. నిష్పత్తి తప్పకూడదు" అన్నారు. నేను ఉల్లిపాయలు తరిగాను. చెల్లెమ్మగారి కోసం ఉల్లిపాయ లేనిది వేరే గిన్నెలో అన్నారు. ఎంత బాగా సాగిందనుకున్నావు! నూనె వేడెక్కేలోగా ఇద్దరం కరివేపాకు ఎక్కడుందని వెతకడం మొదలుపెట్టాం. ఫ్రిజ్‌లో లేదు, ఫ్రీజర్లో లేదు. "ఈ ఇంట్లో కరివేపాకు ఎక్కడుంటుందో మనకి తెలియదా బావా?" అన్నారు ఆయన. బావా అన్నారమ్మా, గారు లేకుండా! ఆ సంతోషంలో ఉండగా మూకుడు భగ్గుమంది.

ఇల్లంతా పొగ. పైకప్పుకున్న అలారంలోంచి ఆడగొంతు "ఫైర్, ఫైర్" అని ఇంగ్లీషులో కేకలు. మూత వేసి మంట ఆర్పేశాం, నిజం. కానీ ఆ అలారం కంపెనీవాళ్లు వాళ్లంతట వాళ్లే ఫైర్ ఇంజన్ పంపేశారు. చెల్లెమ్మగారు శాలువా కప్పుకుని లాన్లో నిలబడ్డారు. తన్వి మాత్రం ఎగిరి గంతులేసింది. నలుగురు ఎత్తైన మనుషులు బూట్లతో వచ్చి, మా ఇద్దరినీ చూసి, మా ఉప్మా చూసి, వెళ్లిపోయారు.

అప్పుడు చూడాలి మీనాక్షిని. నైటీలో, జుట్టు విరబోసుకుని, వంటింటి గుమ్మంలో నిలబడింది. "ఏం చేస్తున్నారు మీరిద్దరూ! బుద్ధుందా? ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలని తెలియదా? నాన్నా, నీకు పనిలేదా? మావయ్యగారూ, మీరు కూడానా!" అని అరిచింది. పెళ్లయిన పద్నాలుగేళ్లలో మామగారి మీద అది గొంతెత్తడం నేను చూడలేదు. ఆయన కూడా చూడలేదు కాబోలు, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. తరవాత తల దించుకుని, "పొరపాటైందమ్మా. కరివేపాకు దొరకలేదు" అన్నారు.

మీనాక్షి ఆయన వంక చూసింది. చూసి, స్నానానికి వెళ్లిపోయింది. ఏమీ తినకుండా, మూకుడు తోమకుండా ల్యాబుకి వెళ్లిపోయింది. కోపం వచ్చినట్టే ఉంది. మూకుడు మేమిద్దరం తోముతున్నాం. ఇంకా తోముతున్నాం.

మసిచేతులతో,
మీ నాన్న


పిస్కాటవే,
ఏప్రిల్ 26.

నాన్నా,

త్యాగం చేయకు అన్నాను, ఉపన్యాసం వద్దన్నాను. ఇల్లు తగలబెట్టకు అని రాయాలని నాకు తట్టలేదు. తప్పు నాదే.

అక్క గంటన్నర ఫోన్లో మీ ఇద్దరినీ తిట్టింది. నాన్‌స్టిక్ మూకుడుని ఇనప పీచుతో తోమారట. పచ్చిమిర్చి కోసిన చేత్తో మావయ్యగారు కళ్లు నలుపుకుని ఒక పూటంతా కళ్లు కడుక్కున్నారట. చపాతీలు చేస్తామని పిండి కార్పెట్ దాకా తెచ్చారట. డిష్‌వాషర్లో చేతులు కడుక్కునే సబ్బు పోస్తే నురగ హాల్లోకి వచ్చిందట. బావ అది తుడుస్తూ మొదటిసారి "మనం ఒక పద్ధతి పెట్టుకోవాలి" అన్నాడట. పద్ధతి! పద్నాలుగేళ్ల తరవాత ఆయనకి అవసరం కనబడింది. అత్తయ్యగారు మాత్రం ఏదీ ముట్టుకోకుండా స్టూలేసుకుని కూర్చుని ఇద్దరికీ వంకలు పెడుతున్నారట.

"నాకు పని రెట్టింపు అయింది" అని అరిచింది అక్క. నేను భయపడుతూ అడిగాను, అయితే వాళ్లని మానేయమననా అని. "వద్దులే, నిన్నటి సాంబారు తినేలాగే ఉంది" అంది.

కానీ జవాబు ఇంకా పంపలేదు నాన్నా. నాలుగు రోజులే ఉంది. అడిగితే కోప్పడుతోంది. నాకు నిద్ర పట్టట్లేదు, లేబుల్స్ రాయాల్సినవి పన్నెండు అలాగే ఉన్నాయి. మీరిద్దరూ కలిసి నా ప్రాణం తీస్తున్నారు.

శ్రీవల్లి


బాతెల్,
మే 1.

తల్లీ! తల్లీ! తల్లీ!

నిన్న ముప్పయ్యో తారీకు. పొద్దుననుంచి నేనూ బావగారూ దాని ముఖమే చూస్తున్నాం. ఏమీ చెప్పలేదు. అడిగితే కోప్పడుతోందన్నావు, అడగలేదు. బావగారు రెండుసార్లు నోరు తెరిస్తే కాలు తొక్కాను. అది బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది. నేను లోపలికీ బయటికీ తిరుగుతూ ఉన్నాను. "ఎందుకయ్యా ఆ తిరుగుడు, వచ్చి ఈ చిక్కుళ్లు ఒలువు" అన్నారు బావగారు. ఆయన చేతిలోనూ చిక్కుళ్లు ఒలిచినవి ఒలిచినట్టే తొక్కల్లోకి పడుతున్నాయి.

ఆరింటికి రావాల్సింది, రాలేదు. ఆరున్నరకి ఫోన్ చేసింది. నువ్వు తిడతావని స్పీకర్లో పెట్టలేదు, చెవికే పెట్టుకున్నాను. బావగారు తన చెవి తెచ్చి ఫోన్ అవతలి వైపు ఆనించారు. వెనకాల ఎవరెవరో నవ్వులు, గ్లాసుల చప్పుడు వినబడుతున్నాయి.

"నాన్నా, నేను ఒప్పుకున్నాను. ఇక్కడ టీమ్ అంతా ఉన్నారు, ఇవాళ లేటవుతుంది. మీరు తినేయండి" అంది. పెట్టేసింది.

అంతేనమ్మా! ఏం తినాలో చెప్పలేదు! ఫ్రిజ్‌లో ఏది ఎక్కడుందో చెప్పలేదు, ఏది ఎంతసేపు వేడిచేయాలో చెప్పలేదు, మామగారికి ఉప్పు తగ్గించమనలేదు. నేను ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"ఏమంది, పూర్తిగా చెప్పు" అని చెల్లెమ్మగారు హాల్లోంచి.

"మనల్ని తినేయమంది" అన్నారు బావగారు.

"ఏం తినమంది?"

"అది చెప్పలేదు."

చెల్లెమ్మగారు మోకాలు పట్టుకుని లేచి వచ్చారు. "జరగండి ఇద్దరూ" అని చీర కొంగు బొడ్లో దోపుకున్నారు.

మీ నాన్న,
దత్తాత్రేయ